పొద్దు తగ్గే నెలల్లో విశ్రాంతి యోగా: తరచుగా అడిగే ప్రశ్నలు

పగలు కురచబడి, సాయంత్రం తొందరగా చీకటి పడే నెలలు రాగానే విశ్రాంతి యోగా గురించి, అంటే దిండ్లు, దుప్పట్ల మీద ఒంటిని పూర్తిగా ఆనించి కదలకుండా ఉండే సాధన గురించి, ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా ఒకచోట చేర్చాం. వరసగా చదవక్కర్లేదు.

## మొదలుపెట్టే ముందు

చీకటి పడేసరికి ఒంట్లో సత్తువంతా దిగిపోయినట్టు ఉంటోంది. ఇది బద్ధకమా?

బద్ధకం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఒంట్లోని గడియారం వెలుగును బట్టి నడుస్తుంది. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి నిద్ర వేళ తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. పొద్దున కంటికి గట్టి వెలుగు తగిలితే అది తగ్గుతుంది. తెల్లవారడం ఆలస్యమైతే ఆ గడియారమూ వెనకబడుతుంది. అలారం మోగి మీరు లేచి కూర్చున్నా ఒంటికి ఇంకా రాత్రే. భూమధ్యరేఖ దగ్గర పగటి నిడివి ఏడాది పొడుగునా దాదాపు ఒకటే. అదే 50 డిగ్రీల అక్షాంశం దగ్గర నడి వేసవిలో 16 గంటలు దాటే పగలు నడి చలికాలంలో 8 గంటలకు దిగిపోతుంది. పగలు అంత తగ్గినా పని గంటలు తగ్గవు కాబట్టి ఆ భారం ఒంటి మీదే పడుతుంది.

అయితే పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా నీరసంగానే ఉంటే రక్తహీనత, థైరాయిడ్ లాంటివి లేవని పరీక్ష చేయించుకోవడం మంచిది. అన్నిటికీ చలికాలమే కారణం కాదు.

ఎలాగూ అలసటే కదా, నడక, వ్యాయామం ఆపేసి విశ్రాంతి యోగా ఒక్కటే చేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఈ కాలంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. విశ్రాంతి యోగా సాయంత్రం ఒంటిని విశ్రాంతిలోకి దించుతుంది, పొద్దున లేపే పని మాత్రం వెలుగుదే. ఇంట్లో లైట్ల వెలుగు మామూలుగా 100 నుంచి 500 లక్స్ (వెలుగు కొలత) ఉంటుంది. మబ్బు పట్టిన పగలైనా బయట వెయ్యి నుంచి కొన్ని వేల లక్స్ దొరుకుతుంది. అందుకే నిద్ర లేచిన గంటా రెండు గంటల లోపు, వెలుతురు వచ్చాక, 20 నుంచి 30 నిమిషాలు బయట నడవండి. ఆ నడక ఉంటే సాయంత్రం చేసే సాధన రెండింతలు పనిచేసినట్టు ఉంటుంది. రెండిట్లో ఒకటే కుదిరే రోజైతే నడకకే వెళ్లండి.

దిండు వేసుకుని, దుప్పటి కప్పుకుని పడుకోవడం కూడా యోగానేనా?

అవును. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక అనే గ్రంథం శవాసనాన్ని, అంటే వెల్లకిలా కదలకుండా పడుకోవడాన్ని, ఆసనాల్లోనే చేర్చింది. అది అలసట తీరుస్తుందని, చిత్తానికి విశ్రాంతినిస్తుందని చెప్పింది. పతంజలి యోగసూత్రాల్లో కూడా ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని, ప్రయత్నం సడలితే అది కుదురుతుందని ఉంది. 20వ శతాబ్దంలో యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ దిండ్లు, దుప్పట్లు, కుర్చీ, గోడ వాడి ఆసనాలను ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లకు మలిచారు. ఇప్పుడు విశ్రాంతి యోగా అని పిలిచేది అక్కడినుంచి పెరిగిందే.

మామూలుగా పడుకోవడానికీ దీనికీ తేడా ఒక్కటే. నేల మీద పడుకున్నప్పుడు మెడ కింద, నడుము కింద, మోకాళ్ల కింద ఖాళీలు ఉంటాయి. మీరు గమనించకపోయినా కండరాలు ఆ ఖాళీలను మోస్తూనే ఉంటాయి. ఆ ఖాళీలను ఒక్కొక్కటిగా నింపడమే ఇక్కడ మీరు నేర్చుకునే విద్య.

యిన్ యోగా, విశ్రాంతి యోగా ఒకటే కాదా? రెండూ నెమ్మదిగానే చేస్తారుగా?

చూడ్డానికి ఒకలా ఉన్నా ఉద్దేశం వేరు. యిన్ యోగాలో కీళ్ల చుట్టూ ఉన్న కణజాలం మీద ఓ మోస్తరు లాగుడు కావాలనే పెడతారు, 3 నుంచి 5 నిమిషాలు అలాగే ఉంచుతారు. విశ్రాంతి యోగాలో లాగుడు అసలు ఉండకూడదు. ఎక్కడైనా లాగుతోందంటే అక్కడ ఇంకో దుప్పటి కావాలని అర్థం. ఒక్కో భంగిమలో 5 నుంచి 15 నిమిషాలు హాయిగా ఉండగలగాలి. బాగా అలిసిపోయిన రోజున, జ్వరం తగ్గి లేచిన వారంలో, నిద్ర చాలని రోజుల్లో రెండోదే ఎంచుకోండి.

## వేళ, గది, సామాన్లు

ఏ వేళప్పుడు చేస్తే మంచిది?

పడుకోబోయే ముందు గంటలో. లేదా మధ్యాహ్నం 3 లోపు. ఈ రెండిటి మధ్య, అంటే చీకటి పడుతూనే 6 గంటల ప్రాంతంలో, దుప్పటి కప్పుకుని పడుకుంటే చాలామంది గంటసేపు నిద్రపోతారు. పగలంతా కూడబెట్టుకున్న నిద్ర ఒత్తిడి (నిద్ర కావాలనే ఒంటి అవసరం) ఆ కునుకులోనే సగం ఖర్చయిపోతుంది, రాత్రి 12 దాటినా కన్ను మూతపడదు. మీకు 6 గంటలకే వీలైతే నిద్రపోకుండా ఉండేలా గోడకు ఆనుకుని కూర్చుని చేయండి, 20 నిమిషాలకు అలారం పెట్టుకోండి.

బోల్‌స్టర్లు (పొడవాటి గట్టి యోగా దిండ్లు), బ్లాకులు (ఆనుకోవడానికి వాడే గట్టి దిమ్మలు) అన్నీ కొనాలా?

అక్కర్లేదు. రెండు గట్టి దిండ్లు, మూడు దుప్పట్లు, రెండు తువ్వాళ్లు, ఒక కుర్చీ, ఖాళీగా ఉన్న గోడ ఉంటే అన్నీ చేయొచ్చు.

యోగా బోల్‌స్టర్ సుమారు 60 నుంచి 65 సెంటీమీటర్ల పొడవు, 20 నుంచి 25 సెంటీమీటర్ల లావు ఉంటుంది. దుప్పటితో అదే కొలత తయారు చేసుకోవచ్చు. దుప్పటిని పొడవుగా మడిచి, చివరినుంచి గట్టిగా, మధ్యలో గాలి లేకుండా చుట్టండి. వదులుగా చుడితే ఐదు నిమిషాల్లో మీ బరువుకు కుంగిపోతుంది, అప్పుడు నడుము మళ్లీ పని మొదలుపెడుతుంది. చుట్టిన దాన్ని రెండు చోట్ల చున్నీతో కట్టేయండి.

దూది దిండ్లు, స్పాంజి దిండ్లు కొన్నప్పుడు బాగానే ఉన్నా బరువు పడితే లోపలికి పోతాయి. దిండు మధ్యలో అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. చెయ్యి నేలకు తగిలేంత దిగితే అది తలకు పనికొస్తుంది, వీపుకు పనికిరాదు.

నేల చల్లగా ఉంది. మంచం మీదే చేయొచ్చా?

వెల్లకిలా పడుకునేవి, పక్కకు తిరిగి పడుకునేవి చేయొచ్చు. పరుపు మెత్తగా ఉంటే కటి భాగం లోపలికి దిగిపోయి నడుము వంగుతుంది, అప్పుడు పిర్రల కింద మడిచిన తువ్వాలు పెట్టండి. మంచం మీద వచ్చే అసలు చిక్కు వేరే: ఒంటికి అది నిద్ర చోటు. రెండు నిమిషాల్లో నిద్ర పడుతుంది. నిద్ర కోసమే చేస్తుంటే ఇబ్బంది లేదు.

చేస్తుంటే పది నిమిషాలకే చలి పుడుతోంది. ఏం చేయాలి?

కదలకుండా పడుకుంటే కండరాలు పుట్టించే వేడి తగ్గిపోతుంది. మొదట హాయిగా అనిపించిన గదే పది నిమిషాల తర్వాత చల్లగా తోస్తుంది. చలి వేసిన ఒళ్లు సడలదు, భుజాలు చెవుల దగ్గరికి లాక్కుంటుంది. కాబట్టి చలి మొదలయ్యాక కప్పుకోవడం కాదు, పడుకునేటప్పుడే కప్పుకోవాలి. మేజోళ్లు వేసుకోండి. నేలకు, ఒంటికి మధ్య చాపతో పాటు ఒక దుప్పటి పరవండి, ఎందుకంటే చల్లటి నేల ఒంటి వేడిని లాగేస్తుంది. కప్పుకునే దుప్పటిని పాదాల కిందికి దోపి, రెండు పక్కలా ఒంటికి చేర్చండి. మెడ చుట్టూ పలుచటి గుడ్డ చుట్టుకుంటే ఇంకా బాగుంటుంది. వేడినీళ్ల సంచి వాడితే గుడ్డలో చుట్టి పొట్ట మీదో పాదాల దగ్గరో పెట్టండి, చర్మానికి నేరుగా తగలనివ్వకండి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు కాళ్ల దగ్గర అసలు పెట్టొద్దు.

తిన్నాక ఎంతసేపు ఆగాలి?

కడుపునిండా తింటే 2 నుంచి 3 గంటలు. ఏదో కాస్త తింటే గంట చాలు. మొదలుపెట్టే ముందు మూత్రానికి వెళ్లి రండి. చలిలో మూత్రం ఎక్కువగా వస్తుంది, ఆ ఒత్తిడి ఉంటే ఏ భంగిమా కుదరదు.

గది పూర్తిగా చీకటి చేయాలా?

చిన్న దీపం ఉంచండి. పై లైటు ఆర్పేసి, తల వెనక వైపు మసక వెలుగు ఉంటే చాలు. చీకటంటే బెదురు ఉన్నవాళ్లు కళ్లు తెరుచుకునే చేయొచ్చు. ఫోన్‌ను అలారం కోసమే వాడండి, తెర కిందికి తిప్పి చెయ్యి అందనంత దూరంలో పెట్టండి.

## భంగిమల్లో ఉన్నప్పుడు

ఎన్ని ఆసనాలు చేయాలి? ఒక వరస చెప్పండి.

మూడు నాలుగు చాలు. ఆసనాలు పెంచకండి, ఒక్కో దాంట్లో ఉండే సమయం పెంచండి. లేచి సర్దుకోవడం ఎక్కువైతే ఒళ్లు దిగినట్టే దిగి మళ్లీ మేలుకుంటుంది. మారే సమయంతో కలిపి ముప్పావు గంట పట్టే వరస ఇది.

మొదటి 5 నిమిషాలు కదలిక: చేతులూ మోకాళ్ల మీద ఉండి వీపును పైకి గుండ్రంగా ఎత్తడం, కిందికి దించడం 6 నుంచి 8 సార్లు, భుజాలు గుండ్రంగా తిప్పడం, వెల్లకిలా పడుకుని కటిని ముందుకీ వెనక్కీ ఊపడం. రోజంతా కూర్చుని వచ్చి నేరుగా నిశ్చలంగా పడుకుంటే ఒళ్లు గిజగిజలాడుతుంది, అందుకే ఇది వదలకండి. తర్వాత దిండు మీద బాలాసనం (మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వాలడం), తల ఒక వైపు 3 నిమిషాలు, రెండో వైపు 3. ఆ పైన దిండు మీద పక్కకు తిరిగి వాలడం: తుంటిని దిండు చివరకు ఆనించి కూర్చుని, మోకాళ్లు మడిచి ఒక పక్కన ఉంచి, పొట్టనూ ఛాతీనీ దిండు మీదికి తిప్పి వాలండి, వైపుకు 3 నిమిషాలు. మెడ నొప్పి ఉంటే ముఖం మోకాళ్ల వైపే ఉంచండి. తర్వాత పిక్కలు కుర్చీ మీద పెట్టి 8 నిమిషాలు. చివర శవాసనం 12 నిమిషాలు, లేచి ఊరికే కూర్చోవడం 2 నిమిషాలు.

సుప్త బద్ధకోణాసనంలో (వెనక్కి వాలి, అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకు వదిలే ఆసనం) గజ్జలు లాగుతున్నాయి, మోకాళ్లు నొప్పి. ఇంకా సాగలేదనా?

సాగడం ఇక్కడ లెక్కలోకి రాదు. తొడలు గాల్లో వేలాడుతుండటమే కారణం. ఒక్కో తొడ ఒంటి బరువులో చెప్పుకోదగ్గ భాగం, అంత బరువు పది నిమిషాలు గజ్జ మీద వేలాడితే లాగక ఏం చేస్తుంది?

ఇలా సర్దండి. దిండును నిలువుగా పెట్టి, దాని చివరకూ మీ తోక ఎముకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉంచి కూర్చుని వెనక్కి వాలండి. తల వైపు దిండు కింద మడిచిన దుప్పటి పెట్టి ఏటవాలు చేస్తే నడుముకు ఇంకా సుఖం. అరికాళ్లు కలిపి, మోకాళ్లు పక్కలకు వదిలేముందే రెండు తొడల కిందా దుప్పటి చుట్టలు దోపండి. చుట్టను మోకాలి కింద కాదు, తొడ బయటి భాగం కింద, తుంటికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. మోకాలి కింద మాత్రమే పెడితే కీలు లోపలి వైపు ఒత్తిడి పడుతుంది. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి తొడకూ చుట్టకూ మధ్య వేళ్లు పెట్టండి. వేళ్ల మీద తొడ బరువు పూర్తిగా తెలియాలి, చేతిని లాగేస్తే తొడ ఇంకా కిందికి దిగకూడదు.

అప్పటికీ మోకాలి లోపల నొప్పి ఉంటే మడమలను కటికి ఒక అడుగు దూరం జరపండి. అదీ కుదరకపోతే కాళ్లు చాపి మోకాళ్ల కింద చుట్ట పెట్టుకోండి, ఛాతీకి దొరికే హాయి అదే ఉంటుంది.

గోడకు కాళ్లు ఆనిస్తే ఐదు నిమిషాల్లో తిమ్మిరెక్కుతున్నాయి. ప్రమాదమా?

పాదాలు గుండె కంటే పైన ఉంటే అక్కడికి రక్త ఒత్తిడి తగ్గుతుంది, దానికి తోడు తొడ వెనక నరం సాగితే జివ్వుమంటుంది. తిమ్మిరి రాగానే మోకాళ్లు మడిచి పాదాలను గోడ మీద కిందికి జార్చండి. నిమిషంలో పోతుంది. మొండిగా భరించడం వల్ల ఒరిగేదేం లేదు.

తరచూ వస్తుంటే పిర్రలు గోడకు మరీ దగ్గరగా ఉన్నాయేమో చూడండి. తొడ వెనక కండరాలు బిగుతుగా ఉన్నవాళ్లు గోడకు 30 సెంటీమీటర్ల దూరం జరిగి, మోకాళ్లు కాస్త వంచి ఉంచాలి. మా సలహా అడిగితే మొదటి నెల గోడ జోలికి పోకుండా కుర్చీ వాడమంటాం. వెల్లకిలా పడుకుని పిక్కలు మొత్తం కుర్చీ సీటు మీద ఆనేలా దగ్గరికి జరగండి, సీటు అంచు మోకాలి వెనక గుంటలో గుచ్చుకోకూడదు. నడుము తనంతట తాను నేలకు ఆనుతుంది. సీటు మరీ ఎత్తుగా ఉండి పాదాలు వేలాడితే మీ కింద మరో దుప్పటి వేసుకోండి.

బాలాసనంలో పిర్రలు మడమలకు ఆనవు. నాకిది రాదేమో?

ఆనకపోతే ఆ సందులో మడిచిన దుప్పటి పెట్టండి, అంతే. పాదం పైభాగం నొప్పెడితే చీలమండ ముందు తువ్వాలు చుట్ట పెట్టండి. మోకాళ్లు దూరంగా జరిపి, దిండును మధ్యలోకి లాక్కుని పొత్తికడుపుకు తగిలేదాకా తెచ్చుకోండి. దిండు దూరంగా ఉంటే పొట్ట వేలాడి నడుము మోయాల్సి వస్తుంది. తల మీ పిర్రల కంటే కిందికి పోతుంటే ఇంకో దిండు చేర్చండి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు కుర్చీలో కూర్చుని, బల్ల మీద దిండు పెట్టి, దాని మీద తల వాల్చినా ఇదే ఫలితం.

శవాసనంలో నడుము నొప్పి పుడుతోంది.

కాళ్లు చాపగానే తొడ ముందు కండరాలు కటిని ముందుకు లాగి నడుమును నేలనుంచి లేపుతాయి. మోకాళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల లావు చుట్ట పెడితే పది మందిలో ఎక్కువమందికి అక్కడే నెమ్మదిస్తుంది. మడమలు నేలకు ఆనాలి, లేకపోతే వాటి కిందా తువ్వాలు పెట్టండి. ఇంకా నొప్పి ఉంటే పిక్కలు కుర్చీ మీద పెట్టండి, లేదా పక్కకు తిరిగి పడుకోండి.

సరిగ్గా కుదిరిందని ఎలా తెలుస్తుంది?

పడుకున్నాక ఒక నిమిషం కింది గుర్తుల కోసం చూడండి. గడ్డం కంటే నుదురు కాస్త ఎత్తులో ఉండాలి. గడ్డం పైకి లేచి ఉంటే మెడ వెనక నొక్కుకుపోతుంది, మనసు కూడా నెమ్మదించదు. అప్పుడు దుప్పటిని నాలుగు మడతలు వేసి తల కింద పెట్టి, దాని అంచును కొద్దిగా చుట్టి మెడ వంపులోకి తోయండి. ఆ మడత భుజాల కిందికి పోకుండా, భుజాల పైఅంచును తాకుతూ ఆగాలి. ఇక చేతివేళ్లు చూడండి: ఎవరూ చెప్పకుండానే లోపలికి అర్ధచంద్రంలా ముడుచుకుంటాయి. చాచుకుని నిటారుగా ఉన్నాయంటే మోచేయి కిందో మణికట్టు కిందో ఇంకా ఖాళీ ఉంది. నాలుక అంగిలికి అతుక్కోకుండా కింద వాలి ఉండాలి, పై పళ్లూ కింది పళ్లూ తాకకూడదు.

రెండు మూడు నిమిషాలకు ఒక పెద్ద నిట్టూర్పు దానంతటదే వస్తుంది. కొందరికి ఆవలింత, కొందరికి గుటక, కొందరికి పొట్టలో గుడగుడ. ఏది వచ్చినా ఒళ్లు అప్పగించేసిందన్నమాట.

లేవగానే తల తిరుగుతోంది.

వేగంగా లేస్తున్నారు. వేళ్లు కదిపి, మోకాళ్లు మడిచి, పక్కకు తిరిగి కనీసం అర నిమిషం అలాగే ఉండండి. తర్వాత చేతులతో నేలను నెట్టుతూ లేవండి, తల అన్నిటికంటే చివర రావాలి. కూర్చుని ఒక నిమిషం ఆగాకే నిలబడండి. బీపీ మందులు వాడేవాళ్లు గోడ పట్టుకుని లేవండి. ఇంత చేసినా తిరుగుతుంటే బీపీ చూపించుకోండి.

## ఊపిరి, మనసు, నిద్ర

ఊపిరి ఎలా తీసుకోవాలి? ప్రాణాయామం చేయాలా?

పెద్ద ప్రాణాయామం వద్దు. ముక్కుతో 4 లెక్కపెడుతూ తీసుకోండి, 6 లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు ఊపిరులు అవుతాయి. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె వేగం కొంచెం పెరిగి, వదిలేటప్పుడు తగ్గుతుంది. మెదడునుంచి గుండెకు వచ్చే వేగస్ నరం పనితీరు వల్ల వచ్చే మార్పు ఇది. వదలడం పొడుగైతే ఆ నెమ్మది ఎక్కువసేపు నిలుస్తుంది. పది పన్నెండు ఊపిరులయ్యాక లెక్క వదిలేసి, ఊపిరిని దాని దారిన పోనివ్వండి. చివరిదాకా లెక్కపెడుతూ కూర్చుంటే అదో పని అయిపోతుంది. 6 దాకా వదలడానికి ఆయాసంగా ఉంటే 3కి తీసుకుని 4కి వదలండి. మధ్యలో బిగపట్టకండి.

ముక్కు దిబ్బడేసింది. మానేయాలా?

జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటే మానేసి మామూలుగా పడుకోండి. ఊరికే దిబ్బడైతే తలా వీపూ ఏటవాలుగా ఎత్తు పెట్టి చేయొచ్చు, కాళ్లు ఎత్తే భంగిమలు మాత్రం వద్దు. ఒక పక్కకు తిరిగి పడుకుంటే పై వైపు ముక్కు రంధ్రం కాసేపటికి తెరుచుకోవడం గమనించే ఉంటారు, దాన్ని వాడుకోండి. ముక్కు మూసి మార్చి మార్చి చేసే నాడీశోధన దిబ్బడ తగ్గేదాకా వదిలేయండి.

పడుకోగానే ఎక్కడలేని ఆలోచనలూ ముసురుకుంటున్నాయి.

పగలంతా పక్కన పెట్టినవి అప్పుడే పైకి వస్తాయి. మొదలుపెట్టే ముందు కాగితం మీద రేపటి పనులు, మనసులో నలుగుతున్న విషయాలు ఐదు నిమిషాలు రాసి పక్కన పెట్టేయండి. పడుకున్నాక మనసుకు చిన్న పని ఇవ్వండి: కుడి మడమ బరువు ఎక్కడ పడుతోంది, పిక్క, తొడ, పిర్ర, అలా ఒక్కో చోటే దిండు మీద పడే బరువును గమనిస్తూ తల దాకా రండి. మధ్యలో తప్పిపోతే గుర్తున్న చోటినుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఎన్నిసార్లు తప్పిపోయినా ఫరవాలేదు.

తొడల మీద మడిచిన బరువైన దుప్పటి పెడితే చాలామందికి కుదురు వస్తుంది. కళ్లు మూస్తే గుండె దడ పెరిగేవాళ్లు కళ్లు తెరిచి ఒకే చోట చూపు నిలపండి, వీపును గోడకు ఆనించి పక్కకు తిరిగి పడుకోండి. పడుకున్నప్పుడల్లా భయం, పాత చేదు జ్ఞాపకాలు ఎగదన్నుకొస్తుంటే బలవంతంగా కొనసాగించకండి, మానసిక వైద్యులతో మాట్లాడండి.

ప్రతిసారీ నిద్రపోతున్నాను. తప్పు చేస్తున్నానా?

తప్పేం కాదు. రెండు మూడు నిమిషాల్లోనే నిద్ర ముంచుకొస్తోందంటే మీకు రాత్రి నిద్ర బాకీ ఉందని అర్థం, ముందు దాన్ని తీర్చండి. మెలకువగా ఉండి విశ్రాంతి తీసుకోవడం నేర్చుకోవాలనుకుంటే ఒక చిన్న కిటుకు ఉంది. మోచేయిని నేలకు ఆనించి ముంజేయిని నిటారుగా నిలబెట్టండి. నిద్రలోకి జారగానే చెయ్యి వాలిపోతుంది, మీకు మెలకువ వస్తుంది. మళ్లీ నిలబెట్టండి.

మధ్యలో కారణం లేకుండా ఏడుపొచ్చింది.

వస్తుంది. రానివ్వండి, అర్థం వెతక్కండి. పక్కకు తిరిగి దిండును పొదివి పట్టుకుంటే తేలికపడుతుంది.

## ఆరోగ్య సమస్యలు ఉంటే

గర్భంతో ఉన్నాను, చేయొచ్చా?

మీ డాక్టరుకు చెప్పి చేయండి. 20 వారాలు దాటాక చదునుగా వెల్లకిలా ఎక్కువసేపు పడుకోవద్దు. గర్భాశయం బరువు పెద్ద సిర మీద పడి గుండెకు రక్తం తగ్గుతుంది, కళ్లు తిరుగుతాయి, వికారం వస్తుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం అన్నిటికంటే హాయి. తల కింద భుజం ఎత్తు దిండు, మోకాలినుంచి చీలమండ దాకా కాళ్ల మధ్య ఒక దిండు, పొట్ట కింద మడిచిన తువ్వాలు, హత్తుకోవడానికి ఇంకోటి. కాళ్ల మధ్య దిండు మోకాళ్ల దగ్గరే ఆగిపోతే పై పాదం వేలాడి తుంటి నొప్పెడుతుంది. వీపును ఏటవాలుగా ఎత్తు పెట్టుకుని కూర్చునేదీ బాగుంటుంది. ఊపిరి బిగపట్టేవి ఏవీ వద్దు.

బీపీ, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), ఛాతీలో మంట, ఎముకల బలహీనత ఇలాంటివి ఉంటే ఏవి మానాలి?

బీపీ అదుపులో లేకపోతే కటి ఎత్తి కాళ్లు గోడకు పెట్టేవి వద్దు, తల ఎత్తులో ఉండేలా శవాసనం చేయండి. గ్లాకోమా, రెటీనా సమస్యలు ఉన్నవాళ్లు తల కిందికి పోయే ప్రతి భంగిమా మానాలి. కాళ్లు గోడకు పెట్టినా కంటి ఒత్తిడి కొంత పెరగొచ్చు. కళ్ల మీద బరువుండే సంచులు కూడా పెట్టుకోవద్దు. ఛాతీ మంట ఉన్నవాళ్లు తల ఒక్కటే కాకుండా నడుము పైనుంచి మొత్తం ఏటవాలు చేయాలి, లేదా ఎడమ పక్కకు తిరగాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు వీపు గుండ్రంగా వంగే బాలాసనానికి బదులు వెల్లకిలా చేసేవి ఎంచుకోండి. ఒక కాలు ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఏ ఆసనమూ వద్దు. అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నా ఒళ్లు ఎటంటే అటు వంగుతుంది. నాకు ఇవన్నీ సులువే కదా?

మీకే ఎక్కువ దిండ్లు కావాలి. కీళ్లు వదులుగా ఉన్నవాళ్లకు చివరిదాకా వెళ్లినా లాగుడు తెలియదు. పది నిమిషాలు అలా వేలాడితే మర్నాడు కీళ్లు నొప్పెడతాయి. వెళ్లగలిగిన దాంట్లో సగానికే ఆగి అక్కడ ఆనించండి. కాళ్లను లాగి కట్టే బెల్టులు వాడకండి.

ఏటా ఇవే నెలల్లో దిగులు కమ్మేస్తుంది. యోగాతో పోతుందా?

యోగా తోడు మాత్రమే, దానికి అసలు చికిత్స వేరే ఉంది. ఏటా ఒకే కాలంలో వచ్చి, పొద్దు పెరిగాక తగ్గే కుంగుబాటును 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోజెన్‌తాల్, ఆయన తోటి పరిశోధకులు వివరించారు. మామూలు కంటే ఎక్కువ నిద్ర, తీపి, పిండిపదార్థాల మీద యావ, బరువు పెరగడం, కాళ్లూ చేతులూ సీసంలా బరువెక్కడం, నలుగురిలోకి వెళ్లాలనిపించకపోవడం దీని లక్షణాలు. ఇవి రెండు వారాలకు మించి ఉండి పనులు సాగకపోతే డాక్టరును కలవండి. లేచిన వెంటనే 10,000 లక్స్ దీపం ముందు 20 నుంచి 30 నిమిషాలు కూర్చోవడం, మాటల ద్వారా చేసే చికిత్స, మందులు, ఇవన్నీ దీనికి ఉన్నాయి. బైపోలార్ సమస్య (మితిమీరిన ఉత్సాహం, కుంగుబాటు మారి మారి రావడం), కంటి జబ్బులు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా దీపం చికిత్స మొదలుపెట్టకూడదు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ సాధన గురించి ఆలోచించకండి. దగ్గరివాళ్లకు ఇప్పుడే చెప్పండి, అత్యవసర సాయం తీసుకోండి.

## రోజూ సాగించడం

రోజూ ముప్పావు గంట ఎక్కడ కుదురుతుంది?

వారానికి ఒకసారి మొత్తం వరస, మిగతా రోజుల్లో ఒకే భంగిమ 12 నిమిషాలు. కుర్చీ మీద పిక్కలు పెట్టి పడుకోవడం అందుకు అన్నిటికంటే తగింది, సర్దుకోవడానికి నిమిషం కూడా పట్టదు. ఐదు నిమిషాల కంటే తగ్గితే ఒళ్లు దిగే లోపే లేవాల్సి వస్తుంది. దిండ్లు, దుప్పట్లు ఒకే మూల సర్ది ఉంచండి. వెతుక్కోవాల్సి వస్తే అలసిన రోజున ఎవరూ చేయరు.

ఎన్ని రోజులకు తేడా తెలుస్తుంది?

భుజాలు, దవడ సడలడం మొదటి రోజే తెలుస్తుంది. నిద్రలో మార్పుకు రెండు మూడు వారాలు ఇవ్వండి, ఆ రోజుల్లో లేచే వేళ మార్చకండి. సెలవు రోజున రెండు గంటలు ఆలస్యంగా లేస్తే వారమంతా చేసింది అక్కడే జారిపోతుంది.

పగలు మళ్లీ పెరిగాక ఆపేయాలా?

ఒక్కసారిగా మార్చకండి. వెలుగు పెరిగే కొద్దీ మొదటి ఐదు నిమిషాల కదలికను పదికి, పదిహేనుకు పెంచండి, నిలబడి చేసే ఆసనాలు ఒక్కొక్కటే చేర్చండి. చివరి శవాసనాన్ని మాత్రం ఏ కాలంలోనూ 8 నిమిషాల కంటే తగ్గించకండి.